పాత గాజు గోళీ చేతితో చేసినదని ఎలా గుర్తించాలి?

ప్రశ్న: జర్మనీలో తయారైనదని చెప్పగా ఒక పాత గాజు గోళీ కొన్నాను. లోపల తెల్లని, ఎర్రని దారాలు మెలితిరిగి ఉన్నాయి. ఒక కొనన గరుకైన చిన్న మచ్చ ఉంది. ఇది చేతిపనేనా అండీ?

సమాధానం: ఆ మచ్చే మీకు ముఖ్యమైన ఆధారం. జర్మనీలో తూరింగియా ప్రాంతంలోని లౌషా ఊరి పనివారు రంగు గాజు కడ్డీలను పారదర్శకమైన గాజులో పొదిగి, కాచి, మెలితిప్పుతూ సాగదీసి, 1840ల చివరినుంచి వాడుకలోకి వచ్చిన ప్రత్యేకమైన కత్తెరతో గుండ్రంగా మలిచి తెంచేవారు కాబట్టి, తెగిన చోట గరుకు మిగిలిపోయేది. భూతద్దంతో రెండో కొన కూడా చూడండి. దారాలు ఈ కొన నుంచి ఆ కొన దాకా సాగి ఉండాలి.

మరొక సమాధానం: యంత్రపు గోళీకి అటువంటి మచ్చ ఉండదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో మార్టిన్ క్రిస్టెన్సెన్ 1905లో పేటెంటు పొందిన యంత్రంలో వేడి గాజు ముద్ద గాడుల మధ్య దొర్లుతూ గుండ్రబడేది. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ సరుకు ఆగిపోయాక అమెరికా బజారు యంత్రపు గోళీలదే అయింది. అవి చవకరకమని తీసిపారేసేవారున్నారు గానీ, నా దృష్టిలో వాటి రంగుల సుడులూ తక్కువవేమీ కావు.

ప్రశ్న వేసినవారు: రెండో కొననా మచ్చ కనిపించింది. పైనున్న గీతలు పోయేలా సానపట్టించవచ్చా?

సమాధానం: వద్దండీ. సానపడితే పైపొరతోపాటు ఆ మచ్చలూ అరిగిపోతాయి, సేకర్తలు ఇచ్చే ధరా పడిపోతుంది. గోరువెచ్చని సబ్బునీటితో కడిగితే చాలు.