క్రమక్షయమా, కోతా?

ప్రశ్న: మా అమ్మాయికి భూగోళం పాఠం చెబుతూ ఇరుక్కుపోయాను. శైథిల్యం, క్రమక్షయం అని పక్కపక్కనే రెండు మాటలు. రెండూ అరిగిపోవడమే కదా, తేడా ఏమిటంటుంది. మాటను బట్టే తేడా తెలిసే దారి ఏమైనా ఉందా?

జవాబు: మొదటిదానికి ఉందండి. శైథిల్యం అనగానే మనకి పాడుబడ్డ కోటలు గుర్తొస్తాయి గానీ, సంస్కృతంలో శిథిలం అంటే వదులైనది. రాయి ఉన్నచోటే పట్టు వదలడం శైథిల్యం. పగుల్లోకి దిగిన నీరు గడ్డకడితే దాని ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి... ఇలా ఏళ్ల తరబడి జరిగితే రాయి ముక్కలవుతుంది. ముక్కలు మాత్రం అక్కడే పడి ఉంటాయి. వాటిని నీరో గాలో ఎత్తుకుపోతే అది క్రమక్షయం.

చిక్కంతా ఈ రెండో మాటతోనే. అందులో తరగడం వినిపిస్తుంది, తరలిపోవడం వినిపించదు. పైగా అన్నిసార్లూ క్రమంగానూ జరగదు, ఒక్క వరద రాత్రికి రాత్రే గట్టును మింగేస్తుంది. నన్నడిగితే 'కోసుకుపోవడం' మేలు. కోయడమూ ఉంది, పోవడమూ ఉంది.

ఇంకొకరు: నదికైతే సరే. హిమానీనదం, అదే మెల్లగా జారే మంచు ప్రవాహం, కొయ్యదు కదండీ! అడుగున ఇరుక్కున్న రాళ్లతో లోయను ఒరుసుకుంటూ పోతుంది. అందుకే కొండల్లో నది కోసిన లోయ 'వి' ఆకారంలో ఉంటే, హిమానీనదం ఒరిసింది 'యు' ఆకారంలో ఉంటుంది. ఎడారి గాలి ఇసుకతో చెక్కుతుంది. ఆ ఇసుక ఎక్కువగా నేలకు దగ్గరగానే ఎగురుతుంది కాబట్టి కొన్ని రాళ్లు కింద సన్నబడి పుట్టగొడుగుల్లా మిగులుతాయి. సున్నపురాయినైతే నీరు కరిగించేస్తుంది. ఇన్నిటికీ కోత ఒక్కటే చాలదు. కొరుకుడు పడకపోయినా క్రమక్షయాన్నే ఉండనివ్వండి.

జవాబు: సున్నపురాయి కరగడం రసాయనిక శైథిల్యం కిందికి వస్తుంది లెండి. మిగతాదంతా ఒప్పుకున్నాను. 'ఒరుసుకోవడం' నాకు తట్టనే లేదు.

ప్రశ్న అడిగినవారు: 'వదులవడం, కొట్టుకుపోవడం' అని చెప్పాను, టక్కున పట్టేసింది. కొట్టుకుపోయినవన్నీ ఎక్కడికెళ్తాయని ఇప్పుడు కొత్త టెన్షన్. పుస్తకంలో నిక్షేపణ అని ఉంది.

జవాబు: దానికి వాదనే అక్కర్లేదు, మేట! నది వేగం తగ్గేకొద్దీ ముందు గులకరాళ్లు, తరవాత ఇసుక, చివరికి సన్నటి ఒండ్రు దిగుతాయి. 'ఇసుక మేట వేసింది' అంటే ఏ పిల్లకైనా అర్థమవుతుంది.