గేట్‌వే దగ్గరి నోడ్ల బ్యాటరీలే ముందు ఎందుకు అయిపోతున్నాయి?

మామిడి తోటలో నేల తేమ చూడ్డానికి 12 జిగ్‌బీ నోడ్లు (తీగ లేకుండా రేడియోతో రీడింగులు పంపే చిన్న సెన్సర్ పెట్టెలు) పెట్టాను, 2.4 గిగాహెర్ట్జ్‌వి. వాటి డేటా అంతా అందుకునే గేట్‌వే ఓ మూలన మోటారు షెడ్డులో ఉంది. దాని పక్కనున్న రెండు నోడ్లే రౌటర్లు, మిగతావాటి డేటా అంతా వాటి మీదుగానే పోవాలి, పైగా అవి నిద్రపోవు (రేడియో ఆపుకోవు) కదా, అందుకే కాబోలు పది రోజులకే చార్జింగ్ అయిపోతోంది, దూరంగా ఉన్నవి మాత్రం నెల దాటినా బాగానే ఉన్నాయి. ఆ రెండింటికీ చిన్న సోలార్ ప్యానెల్ పెట్టాలా, లేక గేట్‌వేనే తోట మధ్యకి మార్చాలా? మారిస్తే కరెంటు తీగ లాగాలి, అదో తలనొప్పి.

ఇంకోటి, వాన పడి ఆకులు తడిస్తే చివరి వరుస అసలు పలకదు. యాంటెనాలు నేలకి అడుగు ఎత్తులోనే ఉన్నాయి. కర్ర కట్టి పైకి లేపితే సరిపోతుందా, 865 మెగాహెర్ట్జ్ లోరాకి (ఎక్కువ దూరం అందే ఇంకో రేడియో పద్ధతి) మారిపోవడమే మేలా? చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.