గ్యాస్ కట్టర్‌తో కోసిన ఛాసీ, తప్పుగా అమర్చిన పవర్ స్టీరింగ్: బాగుచేయాలా, మాన్యువల్‌కు తిరిగి వెళ్లాలా?

పాత ట్రక్కు

అందరికీ నమస్కారం. మాన్యువల్ స్టీరింగ్‌తో తయారైన పాత ట్రక్కు ఒకటి నా దగ్గర ఉంది. ఇంతకుముందు దీన్ని నడిపిన యజమాని వేరే బండి నుంచి తీసిన పవర్ స్టీరింగ్ బాక్సును (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టెను) దీనికి పెట్టించాడు. కొన్న కొత్తలో ఎంత తేలిగ్గా తిరుగుతోందో అని సంబరపడ్డాను. ఈమధ్య గతుకుల్లో బ్రేకు వేసినప్పుడు నేను తిప్పకుండానే బండి పక్కకు మళ్లింది. కిందికి దూరి చూస్తే గుండె జారిపోయింది.

బాక్సు పట్టడం కోసం ఛాసీ (బండిని మోసే ఉక్కు చట్రం) ఛానల్‌ను గ్యాస్ కట్టర్‌తో అర్ధచంద్రాకారంలో కోశారు. సి ఆకారపు ఛానల్ తెరిచి ఉండే వైపును ఒక పలకతో మూసి, రెండు గోడలనూ దాటే నాలుగు పొడవాటి బోల్టులతో బాక్సును బిగించారు. ఆ రెండు గోడల మధ్య బోల్టు చుట్టూ ఉండాల్సిన గొట్టాలు లేవు. బిగించిన కొద్దీ గోడలు లోపలికి సొట్టపోయాయి, బోల్టులు వదులయ్యాయి, రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. బాక్సు కదలకుండా ఆపడానికి కాబోలు, బోల్టు తలలను ఛాసీకే వెల్డింగ్ చేశారు. ఆ వెల్డింగ్ అంచున మొదలైన పగులు కింది ఫ్లాంజ్ (ఛానల్ అడ్డంగా వంగిన అంచు) వరకూ పాకింది. డ్రాప్ ఆర్మ్ (బాక్సు నుంచి కిందికి వేలాడుతూ చక్రాలను తిప్పే చెయ్యి) కూడా కోసి అతికినదే.

పగులును వెల్డింగ్ చేసి పైన పలక వేయడం సరిపోతుందా? లేక పవర్ స్టీరింగ్ ఆలోచనే మానుకోవాలా?

వెల్డింగ్ బల్ల

ఛాసీ మామూలు మెత్తటి ఉక్కుదైతే నిక్షేపంగా బాగవుతుంది. కాకపోతే మీరు అడిగిన క్రమంలో కాదు. ముందు పాత వెల్డింగ్ మొత్తం గ్రైండర్‌తో తీసేయండి. రంగు గీకి, పగుళ్లలోకి ఇంకే ఎర్రటి పెనెట్రంట్ ద్రవం పూసి, తుడిచి, ఆ ఎరుపును బయటికి లాగే తెల్ల డెవలపర్ చల్లండి. పగులు మీ కంటికి కనిపించిన చోటును దాటి ఎంత దూరం పోయిందో అప్పుడు తెలుస్తుంది. దాని అసలు కొసకు కొంచెం అవతల 3 నుంచి 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. పగులు పొడవునా వి ఆకారంలో గాడి తీసి, 7018 లాంటి తేమలేని వెల్డింగ్ రాడ్లతో అడుగుదాకా నింపి, రెండు వైపులా ఛాసీతో సమానంగా గ్రైండ్ చేయండి. కోసిన అర్ధచంద్రాన్ని కూడా అదే మందం ముక్కతో పూడ్చాలి. పలక ఆ తర్వాతి పని. దాని కొసలు నిలువుగా తెగినట్టు ఉండకూడదు, వాలుగా సన్నబడుతూ పోవాలి. పలకను అతికేటప్పుడు ఛాసీకి అడ్డంగా నిలువు వెల్డింగ్ గీత ఒక్కటి కూడా వద్దు. ఫ్లాంజ్ అంచును ముట్టుకోవద్దు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పడం మరవకండి.

రివెట్ మనిషి

పగులు పూడ్చడం వరకూ వెల్డింగ్ బల్ల గారితో ఏకీభవిస్తాను. పలకను వెల్డింగ్ చేయడం మాత్రం ఒప్పుకోను. భారీ ట్రక్కుల ఛాసీలను కర్మాగారాల్లో ఎక్కువగా రివెట్లతో, బోల్టులతో కలుపుతారు. ఛాసీ మెలి తిరగడానికి తయారైన వస్తువు. వెల్డింగ్ చేసిన పలక ఆ చోటును రాయిలా బిగదీస్తుంది, మెలిక అంతా పలక కొస దగ్గరికి చేరుతుంది, కొత్త పగులు అక్కడే పుడుతుంది. పలకను బోల్టులతో వేయండి. రంధ్రాలను రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టుతో) బోల్టుకు సరిగ్గా సరిపోయేలా చేయండి. 10.9 గ్రేడు (ఎక్కువ బలమున్న) బోల్టులు, గట్టి వాషర్లు వాడండి. స్ప్రింగ్ వాషర్లు వద్దు. బోల్టులన్నీ ఛానల్ నిలువు గోడలోనే ఉండాలి, ఫ్లాంజ్‌లో రంధ్రం వేయకూడదు.

ఇంకో మాట. పాత బండి కాబట్టి మెత్తటి ఉక్కే అయి ఉంటుందని ఊహించవద్దు. బరువులు మోసే ట్రక్కుల్లో వేడిచేసి గట్టిపరచిన ఛాసీలు కూడా ఉంటాయి. వాటి మీద వెల్డింగ్ చేస్తే పక్కనున్న లోహం బలం కోల్పోతుంది. చేత్తో పట్టుకునే కాఠిన్య పరీక్ష పరికరంతో కొలిపించండి. గట్టిపరచినదని తేలితే ఈ చర్చ ఇక్కడితో సరి, ఆ ఛాసీ ఛానల్‌నే మార్చాల్సిందే.

మాన్యువల్ డ్రైవర్

ఇద్దరూ బాగా చెప్పారు, కానీ అసలు ప్రశ్నను దాటేశారు. ఈ ఛాసీ పవర్ స్టీరింగ్ కోసం పుట్టలేదు. మాన్యువల్ బండిని నిలబెట్టి చక్రాలు తిప్పడం మనిషి బలానికి కష్టం. అందుకే మేమంతా బండిని కొద్దిగా కదిలిస్తూ తిప్పడం నేర్చుకున్నాం. పవర్ స్టీరింగ్ వచ్చాక నిలబడ్డ చోటే ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పుతాం. పంపు ఒత్తిడి 70 నుంచి 100 బార్ల దాకా ఉంటుంది. ఆ బలమంతా బాక్సు కింద ఉన్న జానెడు ఇనుము మీద పడుతుంది. మీ ఛాసీ చీలడానికి కారణం అదే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. మాన్యువల్ బాక్సు తిరిగి పెట్టండి, కింగ్ పిన్‌లకు (ముందు చక్రాలు తిరిగే కీళ్లకు) గ్రీజు పట్టించండి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి. ఆ బండి ముందు నడిచే మనుషుల ప్రాణాలు మీ స్టీరింగ్ మీద ఆధారపడి ఉన్నాయి.

వెల్డింగ్ బల్ల

డ్రైవర్ గారూ, బలం గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. 1973 నుంచి 1987 వరకు వచ్చిన షెవర్లే నాలుగు చక్రాల డ్రైవ్ ట్రక్కుల్లో కర్మాగారంలోనే పవర్ బాక్సు పెట్టినా, ఆ బాక్సు దగ్గర ఛాసీ పగలడం అందరికీ తెలిసిన జబ్బు. వాటికి బలం పలకలు వేసి జనం ఇప్పటికీ నడుపుతున్నారు. కానీ మాన్యువల్‌కు వెళ్లాలన్నా ఈయన ఈ ఛాసీనే కదా బాగుచేయాలి? కోసిన చోటు కోసినట్టే ఉంది, పగులు పగులులాగే ఉంది. వెనక్కి వెళ్లినా పని తప్పదు.

కొలత టేపు

ఇప్పటివరకు అందరూ పగులు గురించే రాశారు. ఆయన మొదట చెప్పిన మాట మీద ఎవరూ ఆగలేదు: బ్రేకు వేస్తే బండి తనంతట తానే మళ్లింది. పగులు పూడ్చినా, పలక ఎలా వేసినా ఆ మళ్లడం పోతుందని నేను నమ్మను.

పాత ట్రక్కు గారూ, మూడు సంగతులు చెప్పండి. ముందు చక్రాల కమాన్‌కట్టకు (ఇరుసు మీది ఉక్కు పట్టీల స్ప్రింగుకు) కదలని కన్ను ఏ వైపు ఉంది, షాకిల్ (ఊగే లంకె) ఏ వైపు ఉంది? బాక్సు ఇరుసుకు ముందుందా, వెనకుందా? డ్రాగ్ లింక్ (డ్రాప్ ఆర్మ్‌ను చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్‌కు కలిపే కడ్డీ) ముందువెనకలుగా కదులుతుందా, అడ్డంగానా?

ఎందుకు అడుగుతున్నానంటే, గతుకులో ఇరుసు నిట్టనిలువుగా లేవదు. కమాన్‌కట్ట కదలని కన్ను కేంద్రంగా, ఒక వృత్తంలో ముక్కలా తిరుగుతుంది. డ్రాగ్ లింక్ చక్రం వైపు కొస కూడా డ్రాప్ ఆర్మ్ కొస కేంద్రంగా తన వృత్తంలో తిరుగుతుంది. పాత తయారీదారులు ఈ రెండు కేంద్రాలనూ ఒకే వైపు, వీలైనంత దగ్గరగా ఉంచేవారు. అప్పుడు రెండూ కలిసి కదులుతాయి. బాక్సును అవతలి వైపుకు మారిస్తే ఒకటి ఇరుసును ముందుకు నడిపిస్తుంటే ఇంకొకటి స్టీరింగ్ ఆర్మ్‌ను వెనక్కి పట్టి లాగుతుంది. మధ్యలో ఇరుక్కున్న చక్రం తిరగక ఏం చేస్తుంది? మీరు స్టీరింగ్‌ను కదలకుండా పట్టుకున్నా బండి మళ్లుతుంది. అలా ప్రతి గతుకులోనూ ఆ పెనుగులాట బాక్సు బోల్టుల మీద పడుతుంది. మీ రంధ్రాలు గుడ్డు ఆకారానికి రావడంలో దానికీ వాటా ఉండవచ్చు.

డ్రాప్ ఆర్మ్ విషయంలో ఎవరూ బేరం పెట్టుకోవద్దు. అది సుత్తిదెబ్బలతో, వేడితో బలం తెచ్చుకున్న ముక్క. అతికినదాన్ని ఈరోజే విప్పి పక్కన పడేయండి, మరొకటి దొరికేదాకా బండి కదపకండి.

పాత ట్రక్కు

డ్రాప్ ఆర్మ్ విప్పేశాను. కదలని కన్ను వెనక ఉంది, షాకిల్ ముందుంది. పాత మాన్యువల్ బాక్సు ఇరుసుకు వెనక ఉండేదని ఛాసీ మీద మిగిలిన రంధ్రాలు చెబుతున్నాయి. పవర్ బాక్సును ముందుకు తెచ్చి పెట్టారు. డ్రాగ్ లింక్ ముందువెనకలుగానే కదులుతుంది.

విప్పేముందే కొలిచి చూశాను. ఛాసీని స్టాండ్ల మీద నిలిపి, కమాన్‌కట్టలో పెద్ద పట్టీ ఒక్కటే ఉంచి, స్టీరింగ్‌ను తాళ్లతో కట్టేసి, ఇరుసును జాకీతో 75 మిల్లీమీటర్లు ఎత్తాను. టైరు ముందంచు దాదాపు 25 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. స్టీరింగ్ మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. కొలత టేపు గారు చెప్పింది కళ్లారా చూశాను.

రివెట్ మనిషి

అయితే పలక గురించి మన వాదన కొంచెం ఆగాలి. బాక్సు అసలు అక్కడ ఉండకూడదు. పాడైన చోట కొత్త పలక వేసి మళ్లీ అక్కడే బిగిస్తే రెండుసార్లు డబ్బు తగలేసినట్టు.

కొలత టేపు

రెండు దారులున్నాయి. బాక్సును పాత చోటికి, ఇరుసు వెనక్కి తీసుకెళ్లవచ్చు. ఎగ్జాస్ట్ గొట్టం, ఇంజన్ మౌంటు అడ్డు రాకపోతే నా ఓటు దానికే, ఎందుకంటే బాక్సు పాడుకాని లోహం మీద కూర్చుంటుంది. లేదా ముందే ఉంచి, డ్రాగ్ లింక్ అడ్డంగా అవతలి చక్రానికి వెళ్లేలా మార్చాలి. అప్పుడు అది టై రాడ్‌కు (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీకి) సమాంతరంగా ఉండాలి, అడ్డంగా తిరిగే డ్రాప్ ఆర్మ్ ఉన్న బాక్సు కావాలి, అవతలి వైపు కొత్త స్టీరింగ్ ఆర్మ్ కావాలి.

ఏ దారైనా స్టీరింగ్ షాఫ్టు జాయింట్లను గమనించండి. కోణం 30 డిగ్రీలు దాటితే తిరగడం బరువు, తేలిక అవుతూ ఉంటుంది. మూడో జాయింట్ పెడితే మధ్యలో బేరింగ్ ఆధారం తప్పనిసరి. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు బాక్సు కూడా తన సరైన మధ్యలో ఉండాలి. చక్రం తిరుగుడును ఆపే ఇరుసు మీది స్టాపర్లు బాక్సు లోపలి హద్దుకంటే ముందే తగలాలి.

మాన్యువల్ డ్రైవర్

బాక్సు పాత చోటికి వెళుతుందంటే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం ఇది: ఛాసీ బాగుచేశాక, బాక్సు బిగించాక, రోడ్డెక్కే ముందు ఇంజన్ ఆన్ చేసి ఎవరినైనా స్టీరింగ్ తిప్పమనండి. మీరు పక్కన కూర్చుని బాక్సూ ఛాసీ కలిసే అంచు మీద వేలు ఆనించి చూడండి. కదలిక తెలిస్తే నా మాట విని మాన్యువల్ పెట్టండి.

పాత ట్రక్కు

అలాగే చేస్తానండి. కాఠిన్య పరీక్ష ఈ వారం చేయిస్తున్నాను. మెత్తటి ఉక్కు అని తేలితే ముందున్న కోత, పగులు వెల్డింగ్‌తో పూడుస్తాను, దాని మీద పలక బోల్టులతో వేస్తాను. బాక్సు వెనక్కి వెళుతుంది. అక్కడ ఛానల్‌ను మూయాల్సి వస్తే ప్రతి బోల్టు చుట్టూ గొట్టం ఉంటుంది. ఎగ్జాస్ట్‌కూ బాక్సుకూ మధ్య నాకు 40 మిల్లీమీటర్ల ఖాళీ మాత్రమే కనిపిస్తోంది. ఆ వేడికి ప్రెషర్ హోస్ తట్టుకుంటుందా, మధ్యలో రేకు అడ్డం పెట్టాలా?

వెల్డింగ్ బల్ల

రేకు పెట్టండి. హోస్‌ను పైవైపు నుంచి తిప్పి తీసుకెళ్లండి. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టునూ టార్క్ రెంచితో మళ్లీ చూడండి. పలక అంచుల దగ్గర తెల్ల రంగు వేసి ఉంచితే కొత్త పగులు వచ్చినా వెంటనే కనబడుతుంది.