అమెరికా ప్రభుత్వ సభల్లో క్రైస్తవ ప్రార్థన: మత స్వేచ్ఛకు అండా, అడ్డా?

వేకువ:
ఏటా మే నెల మొదటి గురువారం అమెరికాలో జాతీయ ప్రార్థనా దినం జరుగుతుంది. 1952లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో చట్టమైంది. 1988లో రీగన్ హయాంలో ఆ గురువారం ఖాయమైంది. 2010లో బార్బరా క్రాబ్ అనే ఫెడరల్ జడ్జి ఇది రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడాది పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. దావా వేసినవాళ్లకు ఆ అర్హత లేదన్నదే తప్ప, అసలు ప్రశ్నను తేల్చలేదు.

నేను క్రైస్తవుణ్ణి. ఈ దినమూ, ప్రభుత్వ సభల్లో ప్రార్థనా ఉండాలంటాను. 1774లో ఫిలడెల్ఫియాలో వలసల ప్రతినిధుల సభ, మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, కూడినప్పుడు ప్రార్థన పెడదామంటే జాన్ జే, రట్లెడ్జ్ వద్దన్నారు. మనమంతా వేర్వేరు క్రైస్తవ సంఘాలవాళ్లం, కలిసి ఎలా ప్రార్థిస్తామన్నది వాళ్ల అభ్యంతరం. శామ్యూల్ ఆడమ్స్ లేచి, భక్తి, దేశాభిమానం ఉన్న ఎవరు ప్రార్థించినా నేను వింటానన్నాడు. తన సంఘం కాని ఆంగ్లికన్ పాస్టర్‌నే పిలిపించాడు. దేశం పుట్టకముందే మొదలైన ఆనవాయితీ ఇది. ఇప్పుడు వద్దనడమంటే విశ్వాసాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రమ్మనడమే.

గులకరాయి:
వేకువ గారూ, నేనూ విశ్వాసినే, బాప్టిస్టు అనే ప్రొటెస్టెంట్ శాఖ నాది. అందుకే మీతో ఏకీభవించలేను.

1774 చెప్పారు, 1787 కూడా చూడండి. రాజ్యాంగ సభలో రోజూ ప్రార్థనతో మొదలుపెడదామని ఫ్రాంక్లిన్ అడిగితే, ఓటింగ్ కూడా లేకుండా ఆ రోజుకు సభ ముగించారు. ఆ సభలో భక్తులు లేక కాదు కదా.

మా సంఘం చరిత్ర నాకు ఇంకా దగ్గరిది. స్వాతంత్ర్యానికి ముందు వర్జీనియాలో లైసెన్సు లేకుండా బోధించారని బాప్టిస్టు బోధకుల్ని జైల్లో వేశారు. వేసింది నాస్తికులు కాదు, సర్కారు చర్చి ఉన్న క్రైస్తవ ప్రభుత్వం. తర్వాత అమెరికా అధ్యక్షుడైన మాడిసన్‌ను యువకుడిగా ఉన్నప్పుడు కదిలించింది అదే. కనెక్టికట్‌లో అప్పటికి కాంగ్రిగేషనల్ అనే మరో ప్రొటెస్టెంట్ చర్చిదే అధికారం. దానికి కట్టే పన్ను తప్పాలంటే బాప్టిస్టులు సర్టిఫికెట్ దాఖలు చేసుకోవాలి. అక్కడి డాన్‌బరీ బాప్టిస్టులు మొరపెట్టుకుంటే, 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ రాసిన జవాబులోనే చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న మాట వచ్చింది. ఆ గోడ కావాలని అడిగింది ప్రార్థించేవాళ్లే.

ఇక స్కూలు ప్రార్థన మీద 1962 సుప్రీంకోర్టు తీర్పు. స్కూళ్ల నుంచి దేవుణ్ణి గెంటేశారని మన చర్చిల్లోనూ వింటుంటాం. కోర్టు ఆపింది న్యూయార్క్ రాష్ట్ర విద్యా మండలి తయారుచేసిన 22 ఇంగ్లీషు పదాల ప్రార్థనను. అందులో యేసు పేరు లేదు, పాపం లేదు, క్షమాపణ లేదు. ప్రభుత్వం అందరికీ నప్పేలా ప్రార్థన రాస్తే మిగిలేది అంతే. పరీక్ష ముందు పిల్లవాడు కళ్లు మూసుకుని తనంతట తాను ప్రార్థించుకుంటే ఆ తీర్పు అడ్డు రాదు.

దూరతీరం:
నేను హిందువుని, నా వైపు నుంచి ఒక మాట. 2000 సెప్టెంబరు 14న, అమెరికా కాంగ్రెస్‌లో వాజపేయి ప్రసంగించిన రోజున, ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ పూజారి వెంకటాచలపతి సముద్రాల గారు ప్రతినిధుల సభలో ప్రార్థన చేశారు. ఆ సభలో హిందూ ప్రార్థన అదే మొదటిది. చాలా గర్వపడ్డాం. 2007లో సెనేట్‌లో రాజన్ జెడ్ అనే హిందూ పూజారి ప్రార్థన మొదలుపెట్టగానే సందర్శకుల గ్యాలరీ నుంచి కొందరు క్రైస్తవులు కేకలు వేశారు, ముగ్గుర్ని అరెస్టు చేశారు. వేకువ గారూ, శామ్యూల్ ఆడమ్స్ మాట ఆ రోజు ఎవరికైనా గుర్తుందా?

వేకువ:
దూరతీరం గారూ, ఆ కేకలు ముమ్మాటికీ తప్పు. అవతలివాడి ప్రార్థనను చెడగొట్టి తన దేవుణ్ణి గౌరవించేవాడు ఎవడూ ఉండడు. కానీ చూడండి, సెనేట్ ఆ ప్రార్థనను పూర్తి చేయించింది. తలుపు తెరిచే ఉంది.

గులకరాయి గారూ, పన్ను వేయడం, జైల్లో పెట్టడం వేరు, ప్రార్థించడం వేరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో ఒక స్కూలు ఫుట్‌బాల్ కోచ్ ఆట అయ్యాక మైదానం మధ్యలో మోకరించినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2022లో సుప్రీంకోర్టు 6–3తో ఆయన వైపు నిలిచింది. ఈ రోజుల్లో దెబ్బ తగులుతున్నది ఎవరికి?

గులకరాయి:
ఆయన ఒంటరిగా ప్రార్థించుకుంటే నేనూ ఆయన వైపే. కానీ పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. చేరకపోతే ఎక్కువ ఆడనివ్వరేమోనని తన కొడుకు భయపడ్డాడని ఒక తండ్రి ఫిర్యాదు చేసినట్టు కేసు రికార్డులోనే ఉంది. జట్టులో ఎవరుండాలో చెప్పగలిగేవాడి పక్కన మోకరించడం ఆ పిల్లవాడికి ఇష్టమా, టెన్షనా?

ఇంకొకటి. క్రైస్తవ ప్రార్థన అంటే ఎవరిది? 1844లో ఫిలడెల్ఫియాలో స్కూళ్లలో ఏ బైబిల్ చదవాలన్న గొడవ ముదిరి కాథలిక్ చర్చిలు తగలబడ్డాయి, మనుషులు చనిపోయారు. రెండు వైపులా క్రైస్తవులే.

నిమ్మచెట్టు:
నాకు ఏ మతమూ లేదు. తలుపు తెరిచే ఉందన్నారు. డాన్ బార్కర్ అనే నాస్తికుడు ప్రతినిధుల సభను ప్రారంభించే అవకాశం అడిగితే ఇవ్వలేదు. 2019లో అప్పీల్ కోర్టు కూడా, అక్కడ మతపరమైన ప్రార్థనే ఉండాలని సభ పట్టుబట్టవచ్చంది.

దూరతీరం:
కాంగ్రెస్ సంగతి అలా ఉంచండి, నన్ను కలవరపెట్టేది ఊరి సభలు. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీస్ అనే ఊళ్లో 1999 నుంచి నెలనెలా ఊరి పాలక బోర్డు సమావేశం ప్రార్థనతో మొదలయ్యేది. ఏళ్ల తరబడి ప్రార్థించింది క్రైస్తవులే. ఒక యూదు మహిళ, ఒక నాస్తికురాలు కోర్టుకెళ్లారు. 2014లో సుప్రీంకోర్టు 5–4తో ఊరి పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ కేగన్ అసమ్మతి తీర్పులో పట్టుకున్న తేడా సూటిగా తగిలింది. కాంగ్రెస్‌లో ప్రార్థన సభ్యుల కోసం. గ్రీస్‌లో పాస్టర్ జనం వైపు తిరిగి ప్రార్థించేవాడు, ఆ జనంలో పర్మిట్ల కోసం, అర్జీల కోసం వచ్చినవాళ్లు ఉంటారు. ఇంకో పది నిమిషాల్లో నా అర్జీ మీద ఓటు వేయబోయే ఐదుగురి ముందు, అందరూ లేచి నిలబడితే నేను కూర్చుని ఉండగలనా?

వేకువ:
ఆ ఇబ్బంది నాకు అర్థమవుతోంది. నా ప్రతిపాదన ఇది: ప్రార్థన ఉండనివ్వండి, కానీ అర్జీలు తీసుకునే సమావేశం మొదలవకముందే అయిపోవాలి. బోర్డు సభ్యుల కోసమే చేయాలి, జనాన్ని లేవమని అడగకూడదు. ఊళ్లోని ప్రతి ప్రార్థనా మందిరానికీ, ఏ మతం లేనివాళ్లకూ వంతు ఇవ్వాలి. పూర్తిగా తీసేయమంటే మాత్రం ఒప్పుకోను.

గులకరాయి:
వంతులు బాగానే ఉన్నాయి గానీ, ఎవరికి వంతు ఇవ్వాలో రాసే గుమాస్తా ప్రభుత్వ ఉద్యోగే. ఫలానాది మతమా కాదా అని అతను తేల్చాల్సి వస్తే, వర్జీనియాలో బోధకుడి లైసెన్సు చూసిన అధికారికీ ఇతనికీ తేడా ఏమిటో చెప్పండి. నేనైతే ఆ బోర్డు సభ్యుల కోసం ఆదివారం మా చర్చిలో పేరుపేరునా ప్రార్థిస్తాను. దానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు.