మిద్దె మీద ఇంకో అంతస్తు: పాత మేస్త్రీకి కూలికి ఇవ్వాలా, ఆఫీసున్న కాంట్రాక్టరుకి ఫుల్ కాంట్రాక్టు ఇవ్వాలా?

వేదాయపాళెం_పెద్దోడు:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు వేదాయపాళెం, 15 అంకణాల స్థలంలో 2009లో నాన్న కట్టించిన ఇల్లు, కింద మాత్రమే ఉంది. తమ్ముడికి సంబంధం కుదిరింది, అందుకని పైన రెండు గదులు, హాలు, వంటిల్లు వేద్దామనుకుంటున్నాం. నాన్న ఇప్పుడు లేరు. ఆయన అప్పట్లోనే పైన వేసుకుంటారులే అని పిల్లర్ల కమ్మీలు మిద్దె మీద అడుగున్నర వదిలిపెట్టించారు, అవి పదహారేళ్లుగా ఎండకీ వానకీ అట్లాగే ఉన్నాయి.

ఇద్దరితో మాట్లాడాం. ఒకాయన నాన్న దగ్గర పని చేసిన బేల్దారి మేస్త్రీ, అరవై దాటాయి, కూలికి చేస్తానంటున్నాడు, సిమెంటు, ఐరన్, ఇసుక మనమే తెచ్చివ్వాలి. రెండో అతను కుర్రవాడు, ఆఫీసుంది, ఫోన్‌లో మా ఇంటి బొమ్మ రంగులతో సహా చూపించాడు, మెటీరియల్‌తో కలిపి ఏడు నెలల్లో తాళాలిస్తానన్నాడు, కాకపోతే మొదటే 30 శాతం అడ్వాన్సు కావాలంట. అమ్మేమో మేస్త్రీ అంటోంది, తమ్ముడు ఆఫీసతను అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. కట్టించుకున్నవాళ్లు మీకు ఎదురైంది చెప్పండి.

కావలి_రెడ్డి:
తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేం లేదు, కూలికే ఇవ్వండి. మెటీరియల్ మన చేతిలో ఉన్నంతకాలం మనల్ని ఎవరూ మోసం చేయలేరు. ఫుల్ కాంట్రాక్టు అనేసరికి అతను ఒక రేటుకి ఒప్పుకుని ఉంటాడు, ఇక తర్వాత తగ్గించే ప్రతి బస్తా, ప్రతి కమ్మీ అతని లాభమే. మనం పక్కన నిలబడి చూస్తున్నా లోపల ఏం పడిందో తెలియదు, స్లాబు పోసేశాక పగలగొట్టి చూడలేం కదా.

నేను 2018లో పైన వేసుకున్నప్పుడు ఐరన్ నేనే తెచ్చుకున్నా. 12 ఎంఎం కమ్మీ మీటరుకి 890 గ్రాముల దాకా తూగాలి, అంటే 12 మీటర్ల కమ్మీ 10.6 కిలోలు. దించేటప్పుడు ఒక కట్ట తూకం వేయిస్తే బరువు తగ్గింది. బండి వెనక్కి పంపించేశా. అదే కాంట్రాక్టరు తెచ్చుంటే నాకు తెలిసేదే కాదు. మీ మేస్త్రీ మీ నాన్నగారి కాలం నుంచీ ఉన్నవాడు, రేపు పొద్దున మీ వీధిలోనే తిరగాలి, అతనికి పేరు పోతుందనే భయముంటుంది.

ఒంగోలు_ఉద్యోగి:
కావలి అన్న చెప్పింది ఖాళీగా ఉన్నవాళ్లకి సరే. నాది బ్యాంకు ఉద్యోగం, పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి ఎనిమిది. 2022లో మేస్త్రీకి కూలికే ఇచ్చాం, ఐదు నెలలన్నది పద్నాలుగు నెలలైంది. అతను మనిషి మంచివాడే, ఒక్క రూపాయి తినలేదు, కానీ ఒకేసారి మూడిళ్లు ఒప్పుకున్నాడు. మన దగ్గర కంకర లేదంటే ఆ పూట పక్కింటి పనికి పోయేవాడు, మళ్లీ నాలుగు రోజులు కనపడేవాడు కాదు. వానాకాలంలో తెచ్చిన సిమెంటులో పన్నెండు బస్తాలు గడ్డకట్టాయి. ఆ నష్టం ఎవరిది? నాదే.

ఇసుక 2024 జూలై నుంచి ఉచితం అంటారు గానీ ఎత్తుడు, రవాణా మనమే పెట్టుకోవాలి, ట్రాక్టరు ఏ అర్ధరాత్రో వస్తే లేచి దించుకోవాలి. మా ఆవిడ ఆ పద్నాలుగు నెలలూ పిల్లల్ని చూసుకుంటూ ఇసుక లెక్కలు రాసింది, ఆ టెన్షన్‌కి ఎవరు ఖరీదు కడతారు. ఇంకోసారి కట్టాల్సొస్తే కళ్లు మూసుకుని ఫుల్ కాంట్రాక్టే ఇస్తా.

సైట్_ఇంజనీరు:
ఒంగోలులో ఇరవై రెండేళ్లుగా సైట్లు చూస్తున్నాను. ఒంగోలు ఉద్యోగి గారూ, కళ్లు మూసుకుని మాత్రం దేనికీ ఇవ్వొద్దండి. అసలు ఇక్కడ అందరూ పైన కట్టేవాడి గురించే మాట్లాడుతున్నారు, కింద ఉన్నదాని గురించి ఒక్కరూ అడగలేదు. కొత్త ఇంటికి కాంట్రాక్టర్ని వెతకడం వేరు, ఉన్న ఇంటి మీద వేయడం వేరు. పైన వేసే గోడలు, స్లాబు, ట్యాంకు, మనుషులు, సామాను, ఈ బరువంతా 2009లో తవ్విన గుంటల మీదే పడుతుంది.

పెద్దోడు గారూ, మీరు చెప్పిన ఇద్దరిలో ఎవరైనా పాత డ్రాయింగు చూపించమన్నారా? పిల్లర్ పక్కన తవ్వి పునాది చూద్దామన్నారా? ఆ రెండూ అడగకుండానే రేటు చెప్పారంటే ఇద్దరి మీదా నాకు అనుమానమే.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, దానిలో తక్కువ లోతులో వేసిన పునాది కింది అంతస్తుకే కదులుతుంది. నెల్లూరులో పెన్న దగ్గర ఇసుక నేల, కొంచెం దూరం పోతే బంకమట్టి, వీధికో రకం. భూకంపాల సంగతి మనవాళ్లు పట్టించుకోరు గానీ 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చింది, 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు జనం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు.

ఇక ఆ అడుగున్నర కమ్మీలు. మన దగ్గర ఉప్పు గాలి. తుప్పు పొరలు పొరలుగా ఊడుతోందంటే లోపల కమ్మీ సన్నబడినట్టే, వైరు బ్రష్‌తో గీకి మందం కొలవాలి. రెండోది, కొత్త కమ్మీని పాతదానికి కలపాలంటే దాని మందానికి యాభై రెట్లైనా ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, అంటే 16 ఎంఎం కమ్మీకి 80 సెంటీమీటర్లు, రెండున్నర అడుగులు దాటుతుంది. మీకున్నది అడుగున్నర. ఉన్నంతలో బైండింగు వైరుతో కట్టేసి పోసేస్తే చూడటానికి పిల్లరే, ఊగినప్పుడు మాత్రం అక్కడే విడిపోతుంది. కప్లర్ (రెండు కమ్మీల కొసల్ని కలిపే ఇనుప గొట్టం) పెట్టాలా ఇంకేదైనా చేయాలా అనేది స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం మీద రాసివ్వాలి. మేస్త్రీ నోటి మాట చాలదు, కాంట్రాక్టరు మాట అసలే చాలదు.

వేదాయపాళెం_పెద్దోడు:
సార్, నిజం చెప్తున్నా, ఇద్దరూ అడగలేదు. మేస్త్రీని మేమే అడిగితే, నేను వేసిన పునాదే కదయ్యా, రెండంతస్తులకే వేశాను, మీ నాన్నకి తెలుసు అన్నాడు. ఆఫీసతను వీధిలో నిలబడి పైకి చూసి, ఏం పర్లేదు సార్, మూడు కూడా వేయొచ్చు అన్నాడు. మా దగ్గర ఉన్నది కార్పొరేషన్ అనుమతి ప్లాను ఒక్కటే, అదీ కింది అంతస్తుకే. పునాది బొమ్మ ఎక్కడా లేదు.

కందుకూరు_టీచరమ్మ:
నాయనా, ఆ 'ఏం పర్లేదు' అనే మాట విన్నాకే నేను రాస్తున్నాను. మాకూ అదే మాట చెప్పారు. పేరు రాయను, ఆఫీసు, బోర్డు, విజిటింగు కార్డు అన్నీ ఉన్న మనిషే. ఆయన తొందర ఆయనది, కార్తీకంలో మబ్బు పట్టి ఉండగానే స్లాబు పెట్టుకున్నాడు.

ఆ రోజు నేను సెలవు పెట్టి పక్కనే నిలబడ్డాను. మిల్లర్ దగ్గర నీళ్లు పోసే కుర్రాడికి కొలత లేదు, బకెట్టుతో పోస్తూ ఉన్నాడు, మాలు పల్చగా చారులాగా జారిపోతోంది. ఇంత నీళ్లేంటయ్యా అంటే, పైకి ఎక్కించేవాళ్లకి సులువుగా ఉంటుందమ్మా అన్నాడు. తర్వాత తెలిసింది, ఎం20 కాంక్రీటుకి బస్తా సిమెంటుకి 30 లీటర్లు దాటకూడదని. ఆ రాత్రే వాన. స్లాబు మీద సిమెంటు పాలు కొట్టుకుపోయి పొద్దునకి కంకర పైకి తేలింది. ఎనిమిదో రోజు సెంట్రింగు చెక్కలు ఇంకో సైటుకి కావాలని దూలాల కింద కూడా విప్పేశాడు. దూలాలకి 14 రోజులైనా ఉంచాలి. రెండో ఏడాదికి హాలు పైకప్పులో నా వేలు పట్టేంత బీట, అందులోంచి తుప్పు నీళ్లు. ఇప్పటికీ వానొస్తే బకెట్టు పెడతాం.

నిలదీద్దామంటే అప్పటికే నూటికి ఎనభై వంతులు డబ్బు అతని చేతిలో ఉంది. మిగిలిన ఇరవై కోసం అతను మళ్లీ రానే లేదు.

కోర్టు_గుమస్తా:
టీచరమ్మ గారూ, మీ దగ్గర కట్టిన డబ్బుకి రసీదులున్నాయా? చాలామంది కాంట్రాక్టరు మీద కేసు పెట్టలేమనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అనే మాటకిచ్చిన అర్థంలోనే గృహనిర్మాణం ఉంది. మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. కానీ రెండేళ్ల లోపు వేయాలి, ఆధారం చూపించాలి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో కాగితం ఉండదు, మొత్తం నగదే, మొత్తం నోటి మాటే.

ఒప్పందంలో మూడు అంతస్తుల మేడ బొమ్మ అతికించక్కర్లేదు. ఏ కంపెనీ సిమెంటు, ఏ గ్రేడు కమ్మీ, కాంక్రీటు ఏ మిక్సు, గోడ నాలుగంగుళాలా తొమ్మిదా, గచ్చుకి ఏం రాయి, ఇవి రాసుకోవాలి. డబ్బు నెలల లెక్కన కాకుండా పని లెక్కన ఇవ్వాలి: పిల్లర్లు లేచాక ఇంత, స్లాబు పడ్డాక ఇంత, గోడలయ్యాక ఇంత. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచాకే ఇస్తానని రాసుకోండి. పని మొదలుపెట్టకముందే 30 శాతం అంటే నేను ఒప్పుకోను. ఆ డబ్బుతో అతను మీకు కాదు, ముందు మొదలుపెట్టిన ఇంటికి కమ్మీలు కొంటాడు.

కావలి_రెడ్డి:
గుమస్తా గారూ, మేస్త్రీ దగ్గరికి పోయి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటే, నన్ను నమ్మడం లేదా అని మొహం చిన్నబుచ్చుకుంటాడు. మా వైపు ఆ పద్ధతి లేదు. మనిషిని నమ్మి ఇచ్చినప్పుడు మనిషి కూడా నిలబడతాడు.

కందుకూరు_టీచరమ్మ:
రెడ్డి గారూ, మీకు మంచివాడు దొరికాడు, సంతోషం. కానీ నమ్మకం ఉన్నచోట కాగితం రాస్తే పోయేదేముంది? ఆ మేస్త్రీకి రేపు జబ్బు చేస్తే, అతని కొడుకు వచ్చి నాకు తెలియదంటే, మీరు దేన్ని పట్టుకుంటారు? నేను ఇప్పుడు మళ్లీ కట్టిస్తే రెండే చూస్తా. ఒకటి, పని ఒప్పుకునేవాడు తను కట్టి మూడేళ్లు దాటిన ఇంటికి నన్ను తీసుకెళ్లాలి, గృహప్రవేశం రోజు పూలదండలేసిన ఇల్లు కాదు, మూడు వానలు తిన్న ఇల్లు. ఆ ఇంటావిడతో నేను ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడాలి. రెండోది, మధ్యలో ఒక ఇంజనీర్ని పెట్టి చూపిస్తానంటే అతని మొహం ఎట్లా మారుతుందో చూస్తా.

ఒంగోలు_ఉద్యోగి:
అమ్మా, ఈ రెండో మాట బాగుంది. ఫుల్ కాంట్రాక్టు ఇచ్చినా స్లాబు రోజున మన తరఫున చూసే ఇంజనీరు ఉంటే నా భయం సగం తీరుతుంది. ఆ రోజుకి ఆయనకిచ్చే డబ్బు స్లాబు ఖర్చులో ఏపాటిది. ఇంతకుముందు కళ్లు మూసుకుని అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

సైట్_ఇంజనీరు:
అదే నేను చెప్పేది. క్యూబులు కూడా పోయించండి, 15 సెంటీమీటర్ల దిమ్మెలు, 28 రోజుల తర్వాత ల్యాబులో నలిపి చూస్తే మాలు సంగతి తెలిసిపోతుంది. క్యూబులు పోస్తామని ముందే చెప్తే నీళ్ల బకెట్టు దానంతటదే ఆగుతుంది. పెద్దోడు గారూ, ముందు గుంట తవ్వించండి. ఒక్క మూల పిల్లర్ దగ్గర చాలు, ఇద్దరు కూలీలకి ఒక్క రోజు పని.

వేదాయపాళెం_పెద్దోడు:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. తవ్వించాం. ఇద్దరికీ ఒకేరోజు ఫోన్ చేసి, ఇంజనీరు వస్తున్నారు, పునాది తవ్వి చూస్తాం, మీరూ రండి అని పిలిచాం. ఆఫీసతను, దానికి వేరే టైమ్ ఎందుకు సార్, అడ్వాన్సు వేస్తే మా వాళ్లే చూసుకుంటారు అన్నాడు, రాలేదు. మేస్త్రీ పొద్దున ఆరున్నరకే వచ్చి పార తీసుకున్నాడు.

ఐదడుగుల లోతులో ఫుటింగు, అంటే పిల్లర్ కింది పునాది దిమ్మె, దొరికింది, నాలుగడుగులకి నాలుగడుగులు. మేస్త్రీ గుంటలోకి దిగి టేపు ఒక కొస పట్టుకున్నాడు, చేతులు వణికాయి, చెప్పానా అబ్బాయ్ అన్నాడు. ఇంజనీరు గారు పిల్లర్లన్నిటికీ హ్యామర్ టెస్టు (సుత్తిలాంటి పరికరంతో కాంక్రీటు గట్టిదనం చూడటం) చేశారు. పదకొండు బాగున్నాయి, బాత్రూమ్ పక్కనున్న మూల పిల్లర్ నెమ్ము పీల్చి దెబ్బతింది, దానికి జాకెటింగు, అంటే చుట్టూ కొత్త కమ్మీలు కట్టి కాంక్రీటు పోయడం, చేయాలన్నారు. లెక్కలు వేసి ఒక్క అంతస్తుకే రాసిచ్చారు, మూడోది మర్చిపొమ్మన్నారు, అదీ ఎర్ర ఇటుక కాకుండా తేలిక బ్లాకులతో. ఇటుక గోడ ఘనపు మీటరు 1,900 కిలోల దాకా ఉంటే అది 650 లోపేనంట. పైకి లేచిన కమ్మీలకి కప్లర్లు.

ఆ మూల పిల్లర్ సంగతి చెప్పినప్పుడు మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ బాత్రూమ్ గోడకి ప్లాస్టరింగు చేసింది నేనే, తప్పు నాదే, జాకెటింగుకి కూలి వద్దు అన్నాడు. మేం ఇస్తామనే చెప్పాం.

పని అతనికే, కూలికే ఇస్తున్నాం. ఒప్పందం తెల్లకాగితం మీద కాదు, స్టాంపు మీదే రాసుకున్నాం, మొదట అమ్మ వద్దంది, అతనే రాసుకోండమ్మా అన్నాడు. మెటీరియల్ లెక్క తమ్ముడు చూస్తాడు, స్లాబు రోజున ఇంజనీరు గారు ఉంటారు. పై అంతస్తు అనుమతికి లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ ద్వారా ఆన్‌లైన్‌లో పెట్టాం. కార్తీకం వానలు పోయి సంక్రాంతి దాటాకే మొదలుపెడతాం. గుంట ఇంకా పూడ్చలేదు, తేలిక బ్లాకులు నెల్లూరులో ఎవరి దగ్గర మంచివి దొరుకుతాయో తెలిస్తే రాయండి.