‘ఇండికేటర్లో ఆయిలు అయిపోయిందంట’: లేని రిపేర్ల పేర్లు ఎట్లా పుడతాయి?

నెల్లూరు వైపు ట్రావెల్స్ బస్సుల ఓనర్లు లేని రిపేర్ల పేర్లు చెప్పి ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు కదా, అవి ఊరికే నోటికొచ్చిన మాటలేనా, ఏదైనా పద్ధతి ఉందా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. పద్ధతి ఉంది. గట్టి పద్ధతే ఉంది. ముందు ఆ మాటల నడక వినండి. షెడ్డు ముందర ఇద్దరు ఓనర్లు:

– ఏందన్నా, బండి ఇంకా ఈడే ఉండాదే?
– ఇండికేటర్లో ఆయిలు అయిపోయిందంటబ్బా. మేస్త్రీ మెడ్రాసు నించి తెప్పిస్తా ఉండాడు.
– అట్టాగా! ఆయిలొక్కటే పోస్తే నిలవదు. పన్లో పని, సైలెన్సర్ బేరింగు గూడా మార్పించు.

ఇద్దరి ముఖాల్లోనూ నవ్వుండదు. పక్కన గ్రీజు చేతులతో నిలబడ్డ కొత్త క్లీనరు మాత్రం ‘ఏ సైజు బేరింగన్నా?’ అంటాడు. అప్పుడు పగలబడి నవ్వుతారు.

ఇండికేటర్‌లో ఉండేది బల్బు, దాన్ని ఆర్పి వెలిగించే ఫ్లాషరు. చుక్క నూనె అక్కర్లేదు. బేరింగు ఏదైనా తిరిగే చోట ఉంటుంది, సైలెన్సర్లో తిరిగేదేమీ లేదు. అయినా ఈ మాటలు నమ్మబుద్ధి అవుతాయి. ఎందుకంటే గేర్ ఆయిలు, బ్రేక్ ఆయిలు, స్టీరింగ్ ఆయిలు నిజంగానే ఉన్నాయి. అదే వరసలో ఇండికేటర్ ఆయిలు కూడా ఉంటుందేమో అనిపిస్తుంది. ‘ఇండికేటర్ పప్పు’ అని చూడండి, ఎవరూ నవ్వరు. అమెరికాలో ఇంటినే బస్సులో పెట్టుకుని దేశం తిరిగే మోటార్ కోచ్ ఓనర్లు కూడా ‘బ్లింకర్ ఫ్లూయిడ్’, ‘మఫ్లర్ బేరింగ్’ అని సరిగ్గా ఇవే జోకులు వేసుకుంటారు. అక్కడ బ్లింకర్ అంటే ఇండికేటరు, మఫ్లర్ అంటే సైలెన్సరు.

మన తర్కశాస్త్రం వాళ్లు ఇట్లాంటి లేని వస్తువులను ఎప్పుడో పట్టుకున్నారు. కుందేటి కొమ్ము, ఆకాశంలో పూసిన పువ్వు, వంధ్యాపుత్రుడు అంటే బిడ్డలే పుట్టని ఆమె కొడుకు. సంస్కృతంలో ఒక పాత శ్లోకం ఉంది: బిడ్డల్లేని తల్లి కొడుకు ఎండమావుల్లో స్నానం చేసి, ఆకాశపు పువ్వులు తల్లో పెట్టుకుని, కుందేటి కొమ్ముతో చేసిన విల్లు పట్టుకుని వెళ్తున్నాడట. షెడ్డు ముందరి సంభాషణ నడక కూడా ఇదే. ఒక లేనిదానికి ఇంకో లేనిదాన్ని తగిలిస్తూ పోవడం.

వీటిలో రకాలున్నాయి, నాకు బాగా నచ్చింది అదే. కుందేలు ఉంది, కొమ్మూ ఉంది, కుందేటికి కొమ్మే లేదు. డీజిల్ బస్సుకు స్పార్క్ ప్లగ్గు అట్లాంటిది. ప్లగ్గు నిజమే, పెట్రోలు బండికి ఉంటుంది. డీజిలు ఇంజన్లో గాలి ఒత్తిడికే వేడెక్కి మంట పుడుతుంది. వంధ్యాపుత్రుడు వేరు, అక్కడ మాటలోనే వైరుధ్యం ఉంది. ‘ట్యూబ్‌లెస్ టైర్లో ట్యూబు పంచరైంది’ అన్నది ఆ జాతి. దీనికి క్లీనరు కూడా మోసపోడు, అందుకే నవ్వూ తక్కువే.

ఇంకొకటి, ఆ ‘అంట’ను వదిలేయకండి. ‘ఆయిలు అయిపోయింది’ అంటే అబద్ధం. ‘అయిపోయిందంట’ అంటే చెప్పినవాడి పూచీ పోయి, మాట ఎక్కడో ఉన్న మేస్త్రీ మీదికి పోతుంది. ఎదుటివాడు కూడా కాదనకుండా ఇంకో ‘అంట’ కలపడానికి చోటు దొరుకుతుంది. ఇంత చిన్న ప్రత్యయం ఇంత పని చేస్తుంటే వ్యాకరణ పుస్తకంలో ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం. అది నాకు బాధగా ఉంటుంది.

చీమకుర్తి నుంచి ఒకరు: గ్రానైట్ లారీల దగ్గర ‘హారన్లో గాలి తగ్గింది’ అంటారండీ. దాన్నీ చేర్చండి.

జవాబు: చేర్చలేనండీ, అది నిజం రిపేరే. పెద్ద బండ్ల ఎయిర్ హారన్ ట్యాంకులోని గాలితోనే మోగుతుంది. ట్యాంకులో గాలి తగ్గితే హారన్ గొంతూ తగ్గుతుంది. ‘గాలి ట్యాంకులో నీళ్లు తీశా’ అన్నా అంతే. గాలిలోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది, వాల్వు తిప్పి వదిలేయాలి. ఆ ట్యాంకు గాలితోనే పనిచేసే ఎయిర్ బ్రేకులున్న బస్సుకే ఎవరైనా ‘బ్రేక్ ఆయిలు మార్చాం’ అంటే మాత్రం అది కుందేటి కొమ్ము. పూర్తిగా గాలితో పనిచేసే బ్రేకులకు ఆయిలు ఉండదు. బిల్లులో కనిపిస్తే అడగండి.

కావలి నుంచి ఒకరు: మా మామయ్య బస్సుకు యూరియా పోయించాలంటే మా అమ్మమ్మ నమ్మలేదు. ‘బస్సుకు యూరియా ఏందిరా, అదేమన్నా వరి మడా?’ అన్నది.

జవాబు: అమ్మమ్మ మాట అద్భుతం, దాన్ని అట్లాగే రాసి పెట్టుకోండి. మామయ్య చెప్పిందీ నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా డీజిలు బస్సులకు, లారీలకు ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది 32.5 శాతం యూరియా, మిగతా శుద్ధి చేసిన నీరు. పొగలో అది కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. డ్రైవర్లు దాన్ని ఒట్టి ‘యూరియా’ అనే పిలుస్తారు. మడిలో చల్లే బస్తా యూరియాను నీళ్లలో కలిపి మాత్రం పోయకూడదు, అందులోని మలినాలు లోపలి సామాను పాడు చేస్తాయి.

కందుకూరు, దర్శి వైపు ట్రాక్టర్ మేస్త్రీల నోట ఇట్లాంటి పేర్లు విన్నవాళ్లుంటే, ఎవరు ఎవరితో అన్నారో, చివర ‘అంట’ ఉందో లేదో కూడా రాయండి.