అప్‌డేట్: రెండు సైన్యాల్లోనూ ఒకే పేరు (తూర్పు టెనెస్సీ)

అమెరికా అంతర్యుద్ధంలో మా కోడలి పూర్వీకుడి పేరు ఇరువైపుల జాబితాల్లోనూ ఉందేమిటని అడిగాను కదా, మనిషి ఒక్కడే. 1862 ఏప్రిల్‌లో దక్షిణాది నిర్బంధ సైనిక చట్టం తెచ్చాక, తూర్పు టెనెస్సీ కొండప్రాంతం వాళ్లు చాలామంది పక్కనున్న కెంటకీకి దాటి యూనియన్ (ఉత్తరాది) సైన్యంలో చేరారు. ఈయన దక్షిణాది సైనిక సేవా కార్డు "పారిపోయాడు" అన్న మాటతో ఆగిపోయింది.

పేరొక్కటే చూస్తే బోల్తా పడతాం. వయసు, కౌంటీ, పుట్టిన ఊరు కలవాలి. యూనియన్ పెన్షన్ ఫైలు వాషింగ్టన్‌లో వెతకాలి. టెనెస్సీ 1891 నుంచి ఇచ్చిన కాన్ఫెడరేట్ (దక్షిణాది) పెన్షన్ల ఫైళ్లు నాష్‌విల్‌లో ఉంటాయి.

అసలు సరుకంతా 1871లో మొదలైన సదరన్ క్లెయిమ్స్ కమిషన్ (యూనియన్ వైపున్న దక్షిణాది వాళ్ల నష్టపరిహార అర్జీలు చూసిన సంఘం) ఫైళ్లలో ఉంది. యూనియన్ సైన్యం పట్టుకెళ్లిన గుర్రానికి డబ్బు రావాలంటే యూనియన్ పట్ల విధేయత రుజువు చేసుకోవాల్సి వచ్చేది, ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది. కొట్టేసిన అర్జీలు విడిగా ఉంటాయి, వాటినీ వదలొద్దు.